ఫార్మాట్ మారాలి, క్లారిటీ పోకూడదు

2010లో ప్యాట్రిక్ లిడెల్ అనే అమెరికన్ స్వరకర్త గదిలో కూర్చుని మాట్లాడుతూ ఒక చిన్న వీడియో తీసుకుని యూట్యూబ్‌లో పెట్టాడు. దాన్ని డౌన్‌లోడ్ చేసి, అదే ఫైలును మళ్లీ యూట్యూబ్‌కి ఎక్కించాడు. ఎక్కినదాన్ని దింపడం, దింపినదాన్ని ఎక్కించడం... ఇలా వెయ్యిసార్లు చేశాడు. ఎక్కించిన ప్రతిసారీ యూట్యూబ్ ఆ వీడియోను తన పద్ధతిలో కొత్తగా కుదిస్తుంది. పోనుపోను మొహం రంగు మరకల్లో కలిసిపోయింది, మాట గీకుడు చప్పుడుగా మారింది. వెయ్యో కాపీ చూసినవాళ్లకు అక్కడ ఓ మనిషి కూర్చుని మాట్లాడుతున్నాడని చెప్పినా నమ్మబుద్ధి కాదు. 1969లో ఆల్విన్ లూసియర్ అనే స్వరకర్త టేపు రికార్డరుతో చేసిన ప్రయోగానికి ఇది వీడియో రూపం.

వెయ్యిసార్లు మామూలుగా ఎవరూ చేయరు. నాలుగైదుసార్లు మాత్రం తెలుగిళ్లలో తెలియకుండానే జరిగిపోతోంది. 2005 ప్రాంతంలో జరిగిన ఓ పెళ్లినే ఊహించుకుందాం. పానాసోనిక్ ఎండీ10000 లాంటి కెమెరాతో మినీ డీవీ టేపు మీద షూట్ చేశారు. స్టూడియోలో మిక్సింగ్ అయ్యాక అది డీవీడీగా ఇంటికొచ్చింది. కొత్త ల్యాప్‌టాప్‌కు డీవీడీ డ్రైవు లేదని కొన్నేళ్లకు దాన్ని ఎంపీ4గా మార్పించి పెన్‌డ్రైవులో వేయించుకున్నారు. ఫోన్లో చోటు చాలడం లేదని ఎవరో దాన్ని ఇంకాస్త చిన్నది చేశారు. పెళ్లిరోజు నాడు అందులోంచి తలంబ్రాల ముక్క కత్తిరించి వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. చివరికి గ్రూపులో అందరూ చూసేది చీర అంచేదో, పూలదండేదో పోల్చుకోలేని బొమ్మ. ‘పాత కెమెరా కదా, అంతే క్లారిటీ!’ అని సరిపెట్టుకుంటారు. కెమెరా తప్పు కొంతే. మిగతాది దారిలో పోయింది.

ఆ దారిలో పోయినదాంట్లో చాలాభాగం పోకుండా ఆపొచ్చు. ‘ఫార్మాట్ మార్చడం’ అని అందరూ ఒకే పేరుతో పిలిచే పని నిజానికి రెండు వేర్వేరు పనులు. ఒకదాంట్లో బొమ్మకు వీసమెత్తు నష్టం ఉండదు. రెండోదాంట్లో ఎంతోకొంత తప్పదు. మొదటిదానితో సరిపోయే చోట కూడా చాలా కన్వర్టర్లు అడక్కుండానే రెండోది చేసేస్తాయి. చిక్కంతా అక్కడుంది.

చుక్క తర్వాతి అక్షరాలు

ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అన్నవి కంటైనర్ల పేర్లు. కంటైనర్ లోపల వీడియో ఒకటి, ఆడియో ఒకటి, సబ్‌టైటిల్స్ ఉంటే అవొకటి వేర్వేరుగా ఉంటాయి. ఏ క్షణంలో ఏ బొమ్మతో ఏ శబ్దం రావాలో చెప్పే సమాచారమూ అందులోనే ఉంటుంది. బొమ్మను ఎలా కుదించారన్నది మాత్రం వేరే సంగతి. కుదించి రాసి, చూసేటప్పుడు విప్పే ఆ పద్ధతిని కోడెక్ అంటారు. డీవీడీల్లో వాడే ఎంపెగ్-2, 2003లో ప్రమాణంగా వచ్చి ప్రపంచమంతా పాకిన హెచ్.264, 2013లో దాని తర్వాతి తరంగా వచ్చిన హెచ్‌ఈవీసీ, 2018లో వచ్చిన ఏవీ1... ఇవి కోడెక్‌లు.

ఆవకాయను జాడీలోంచి గాజు సీసాలోకి తీసిపెడితే రుచి మారదు. కంటైనర్ మార్చడం అలాంటి పనే. లోపలి వీడియోను, ఆడియోను ఉన్నవి ఉన్నట్టుగా ఎత్తి మరో కంటైనర్‌లో పెట్టడం. కోడెక్ మార్చడం అలా కాదు. కుదించి ఉన్న బొమ్మను పూర్తిగా విప్పి, వేరే లెక్కలతో మొదటినుంచి కుదించాలి.

అందుకే ఫైలు పేరు చూసి ఏమీ తేల్చలేం. ఒకే పేరుగల రెండు ఎంపీ4 ఫైళ్లలో ఒకదానిలో హెచ్.264, మరోదానిలో హెచ్‌ఈవీసీ ఉండొచ్చు. పాత టీవీ ఒకటి ఆడించి రెండోది ఆడించకపోవచ్చు. కొందరు ఫైలు పేరులో ఎంకేవీ అని ఉన్నచోట ఎంపీ4 అని టైప్ చేసి మార్చేశామనుకుంటారు. అప్పుడు మారింది పేరే. లోపల ఒక్క బైటు కూడా కదలలేదు. లోపలున్నదేమిటో తెలియాలంటే వీఎల్‌సీ ప్లేయర్ టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ తెరవాలి. ఉచితంగా దొరికే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఇంకాస్త వివరంగా చెబుతుంది. ఏది మార్చాలన్నా ముందు చేయాల్సిన పని ఈ అర నిమిషం తనిఖీయే.

670 జీబీ నాలుగు జీబీ ఎలా అవుతుంది?

ఫుల్ హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1,920, నిలువుగా 1,080 చుక్కలు. అంటే 20 లక్షల 73 వేల చిల్లర. ఒక్కో చుక్క రంగుకు మూడు బైట్లు రాస్తే ఒక ఫ్రేమే 6.2 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములు చొప్పున గంట వీడియోకు సుమారు 670 జీబీ కావాలి. ఐఫోన్ తన సెట్టింగ్స్‌లో అదే వీడియోకు చెప్పే లెక్క హెచ్.264లో నిమిషానికి దాదాపు 130 ఎంబీ, హెచ్‌ఈవీసీలో 60 ఎంబీ. హెచ్‌ఈవీసీ అయితే గంటకు నాలుగు జీబీలోపే. మిగతా 666 జీబీ ఎక్కడికి పోయింది?

కొంత నిజంగానే అక్కర్లేనిది. మంటపం వెనక అలంకరణ ఫ్రేము ఫ్రేముకీ మారదు. అందుకని కోడెక్ అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ రాసుకుని, ఆ తర్వాతి ఫ్రేముల్లో ఏం కదిలిందో అదే రాసుకుంటూ పోతుంది. ఆ పూర్తి బొమ్మను కీఫ్రేమ్ అంటారు.

మరికొంత కంటికి ఆనదన్న లెక్కతో తీసేసేది. ఈ లెక్కకు పునాది వేసింది మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తూ 1972లో ఈ ఆలోచనపై పరిశోధనకు అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులు అడిగారు. రాలేదు. ఆలోచన మరీ సాదాసీదాగా ఉందని ఒక సమీక్షకుడు అభిప్రాయపడ్డట్టు ఆయనే తర్వాత రాసుకున్నారు. అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు కలిసి 1974లో ప్రచురించిన ఆ పరిశోధన పత్రమే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. జేపెగ్ ఫొటోలు, ఎంపెగ్, హెచ్.264 అన్నీ దానిమీదో, దానినుంచి పుట్టిన లెక్కలమీదో నడుస్తున్నవే.

ఎనిమిది చుక్కల పొడవు, ఎనిమిది చుక్కల వెడల్పున్న చిన్న గడిని ఆ గణితం మరో 64 అంకెలుగా మారుస్తుంది. గడి మొత్తమ్మీద వెలుగెంత, రంగు మెల్లగా మారుతోందా, గబగబా మారుతోందా అన్నది ఆ అంకెలు చెబుతాయి. సన్నటి వివరాలకు సంబంధించిన అంకెలను కోడెక్ దగ్గరి అంకెకు సవరించేస్తుంది, చిన్నవాటిని సున్నా చేసేస్తుంది. అలా సున్నా అయిన అంకె మళ్లీ ఎప్పటికీ తిరిగిరాదు. పట్టుచీర నేత, జుట్టు పోగులు, వాన చినుకులు, పొయ్యి మీది పొగ – ముందు దెబ్బతినేవి ఇవే.

రెండోసారి కుదించినప్పుడు నష్టం ఇంకో తీరుగా ఉంటుంది. మొదటి కోడెక్ వదిలిన గడుల అంచులు, మసకలు రెండో కోడెక్‌కు అసలు బొమ్మలో భాగంగానే కనిపిస్తాయి. వాటిని కాపాడటానికి కొంత చోటు ఖర్చుచేసి, ఆ మేరకు అసలు వివరాల దగ్గర కోత పెడుతుంది. లిడెల్ వీడియోలో వెయ్యిసార్లు పేరుకున్నది ఇదే.

నష్టం లేని మార్పు

ఇంటి అవసరాల్లో చాలావాటికి కోడెక్ మార్చనే అక్కర్లేదు. ఎంకేవీ ఫైలు ఫోన్లో ఆడుతోంది, టీవీలో ఆడటం లేదు. లోపల చూస్తే హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో. రెండూ ఆ టీవీకి తెలిసినవే, తెలియనిది ఎంకేవీ ఒక్కటే. కంటైనర్ మార్చి ఎంపీ4లో పెడితే సరి. దీన్ని రీమక్సింగ్ అంటారు. రెండు గంటల సినిమా కూడా మామూలు కంప్యూటర్లో నిమిషం, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఫైలును ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కు కాపీ చేయడానికి పట్టేంత సమయమే. సైజు కూడా దాదాపు అంతే ఉంటుంది. గంటలకొద్దీ నడిచి, ఫ్యాను హోరెత్తి, చివరికి సైజు బాగా మారిందంటే అక్కడ జరిగింది రీమక్సింగ్ కాదు.

ఈ పనికి అందరూ చివరికి చేరే సాఫ్ట్‌వేర్ ఎఫ్ఎఫ్ఎంపెగ్. ఫ్రాన్స్‌కు చెందిన ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెల్లార్డ్ 2000లో మొదలుపెట్టిన ఉచిత ప్రాజెక్టు ఇది. డబ్బులు పెట్టి కొనే కన్వర్టర్లలో చాలావాటి లోపల పనిచేసేది ఇదే. బటన్లుండవు, కమాండ్ టైప్ చేయాలి. కోడెక్ పేరు రాయాల్సిన చోట ‘కాపీ’ అని రాస్తే వీడియోను ముట్టుకోకుండా కంటైనర్ మారుస్తుంది. కమాండ్లు ఇబ్బంది అనుకునేవారికి లాస్‌లెస్‌కట్, అవిడీమక్స్, ఎంకేవీలోకి మార్చేందుకైతే ఎంకేవీటూల్‌నిక్స్ ఉన్నాయి. అన్నీ ఉచితమే. అవిడీమక్స్‌లో వీడియో ఔట్‌పుట్ దగ్గర ‘కాపీ’ అని ఉండేలా చూసుకోవాలి. ఎక్కువమంది వాడే హ్యాండ్‌బ్రేక్ మాత్రం ఈ పనికి పనికిరాదు. అది వీడియోను ప్రతిసారీ కొత్తగా కుదిస్తుంది.

పెళ్లి డీవీడీల సంగతీ ఇంతే. డిస్కు తెరిస్తే వీడియో టీఎస్ అనే ఫోల్డర్, అందులో వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. డీవీడీ నియమం ప్రకారం ఒక్కో వీఓబీ ఒక జీబీ దాటకూడదు కాబట్టి ఒకే వీడియో నాలుగైదు ముక్కలుగా ఉంటుంది. మేక్ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ ఆ ముక్కలన్నీ కలిపి ఒకే ఎంకేవీ ఫైలుగా తీస్తుంది. లోపలున్నది డిస్కు మీదున్న ఎంపెగ్-2 వీడియోనే, ఒక్క చుక్క తేడా లేకుండా. నాలుగు జీబీ డిస్కు నాలుగు జీబీ ఫైలవుతుంది. ‘డీవీడీని పెన్‌డ్రైవులో వేసిపెట్టండి’ అంటే చాలాచోట్ల దాన్ని 700 ఎంబీ ఎంపీ4గా కుదించి ఇస్తారు. 64 జీబీ పెన్‌డ్రైవు మామూలైపోయిన రోజుల్లో ఆ కుదింపుకు కారణమే లేదు.

హ్యాండీక్యామ్‌ల నుంచి వచ్చే ఎంటీఎస్ ఫైళ్లు కూడా ఈ కోవలోవే. 2006లో సోనీ, పానాసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ పద్ధతి అది. లోపలున్నది హెచ్.264 కాబట్టి కంటైనర్ మార్చితే చాలు. ఐఫోన్ ఎంఓవీ ఫైళ్లయితే ఎంపీ4కు మరీ దగ్గర చుట్టాలు. ఎంపీ4ను రూపొందించిందే ఆపిల్ క్విక్‌టైమ్ ఫైలు నిర్మాణాన్ని ఆధారం చేసుకుని.

బొమ్మ బాగానే వస్తూ శబ్దం మాత్రం రాని కేసులు ఇంకొన్ని. టీవీ ‘ఆడియో ఫార్మాట్ సపోర్ట్ చేయదు’ అంటుంది. చాలాసార్లు లోపలున్నది డీటీఎస్ ఆడియో అయివుంటుంది. దీనికోసం సినిమా మొత్తాన్ని మళ్లీ కుదించే అమాయకత్వం అక్కర్లేదు. వీడియోను కాపీలో ఉంచి ఆడియో ఒక్కదాన్నే ఏఏసీకో, ఏసీ3కో మార్చుకోవచ్చు.

అడ్డంగా పడుకున్న వీడియోను నిలబెట్టడానికి కూడా కుదింపు అవసరం లేదు. ఫోన్ తీసే ఎంపీ4లో ‘దీన్ని ఇంత తిప్పి చూపించు’ అనే సూచన ఒకటి ఉంటుంది. ఆ సూచనను సరిచేస్తే చాలు. కెమెరాలు నాలుగేసి జీబీల దగ్గర తుంచేసిన ముక్కలను అతకడం కూడా నష్టం లేకుండా జరిగేదే, ముక్కలన్నీ ఒకే కెమెరాలో ఒకే సెట్టింగ్‌తో తీసినవైతే.

కత్తిరించేటప్పుడు మాత్రం ఒక మెలిక ఉంది. నష్టం లేకుండా కత్తిరించాలంటే ముక్క కీఫ్రేమ్ దగ్గరే మొదలవ్వాలి, ఎందుకంటే మధ్య ఫ్రేములు వాటంతటవి నిలబడవు. డీవీడీలో అర సెకనుకొక కీఫ్రేమ్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్.264 ఫైళ్లలో రెండు కీఫ్రేముల మధ్య పదేసి సెకన్లు కూడా ఉండొచ్చు. జీలకర్ర బెల్లం సరిగ్గా పెట్టే క్షణం నుంచి కావాలంటే, ముందున్న మంత్రాలు కొన్ని సెకన్లు కలిసొస్తాయి. ఆ నాలుగు సెకన్లు భరిస్తే బొమ్మ చెక్కుచెదరదు.

తప్పనిసరైతే ఒక్కసారే

కొన్నిసార్లు కోడెక్ మార్చక తప్పదు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు హెచ్‌ఈవీసీలో రికార్డు చేస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆ సదుపాయం ఉంది. 2015కు ముందు కొన్న టీవీలూ, పాత కంప్యూటర్లూ చాలావరకు దాన్ని విప్పలేవు. అప్పుడు హెచ్.264కు మార్చాలి. ఎలాగూ కొంత పోతుంది కాబట్టి, కంటికి తెలియనంత తక్కువ పోయేలా చూసుకోవడమే పని.

ఇందుకు రెండు దారులున్నాయి. సెకనుకు ఇన్ని మెగాబిట్లు వాడు అని బిట్‌రేట్ బిగించడం ఒకటి. నాణ్యత ఇంత ఉండాలి, సైజు ఎంతొస్తే అంత రానీ అని వదలడం రెండోది. ఇంట్లో దాచుకునే వీడియోలకు రెండోదే మేలు. దాన్ని సీఆర్ఎఫ్ అంటారు. హ్యాండ్‌బ్రేక్‌లో ఆర్ఎఫ్ అని రాసి ఉంటుంది. హెచ్.264 రాసే ఎక్స్264లో ఈ అంకె సున్నా నుంచి 51 వరకు ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ నాణ్యత తగ్గుతుంది. మామూలుగా వచ్చేది 23. 18 పెడితే అసలుకూ కాపీకీ తేడా కనిపెట్టడం మామూలు కంటికి దాదాపు అసాధ్యం. అంకె ఆరు తగ్గితే సైజు సుమారుగా రెట్టింపవుతుంది. హెచ్‌ఈవీసీ రాసే ఎక్స్265 కొలత వేరు. అక్కడ 28 అంటే ఇక్కడి 23తో ఇంచుమించు సమానం, సైజు సగం. ఒక కోడెక్ అంకెను మరోదానికి గుడ్డిగా వాడి ‘క్లారిటీ పోయింది’ అనుకునేవాళ్లు తక్కువేం కాదు.

వేగానికి సంబంధించిన ప్రీసెట్ కూడా పట్టించుకోవాలి. నెమ్మదిగా అని పెడితే సాఫ్ట్‌వేర్ ఎక్కువసేపు వెతికి, అదే నాణ్యతను తక్కువ చోటులో ఇముడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డుతో చేయిస్తే పని నిమిషాల్లో ముగుస్తుంది. అదే సైజులో బొమ్మ మాత్రం మామూలుగా కాస్త వెనకబడుతుంది. పదిమందికి పంపే ముక్కకైతే గ్రాఫిక్స్ కార్డు చాలు. దాచుకునేదాన్ని రాత్రి పెట్టి పొద్దున్న తీసుకోవడం నయం.

పెద్దది చేస్తే బాగుపడుతుందన్న ఆశ ఇంకొకటి. మన డీవీడీ బొమ్మలో 720 అడ్డం, 576 నిలువు – మొత్తం 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో సరిగ్గా దానికి ఐదురెట్లు. ‘పాత డీవీడీని హెచ్‌డీ చేసిస్తాం’ అని మార్చిన వీడియోలో ప్రతి ఐదు చుక్కల్లో నాలుగు సాఫ్ట్‌వేర్ అంచనా వేసి నింపినవే. డీవీడీ కొలతను అలాగే వదిలేస్తే ఆడించేటప్పుడు టీవీయే పెద్దది చేసి చూపిస్తుంది. ఐదు మెగాబిట్ల వీడియోను ఇరవై మెగాబిట్లకు మార్చినా అంతే, ఫైలు బరువెక్కుతుంది తప్ప పోయిన వివరం రాదు.

కొత్త ఫోన్ల హెచ్‌డీఆర్ వీడియోలకు వేరే జాగ్రత్త కావాలి. ఐఫోన్ 12 నుంచి డాల్బీ విజన్ అనే హెచ్‌డీఆర్ రికార్డింగ్ వచ్చింది. ఒక్కో రంగుకు 256 మెట్ల బదులు 1,024 మెట్లుంటాయి. వెలుగును, రంగులను సర్దే టోన్ మ్యాపింగ్ చేయకుండా దాన్ని మామూలు వీడియోగా మార్చితే రంగులు వెలిసిపోతాయి. ఎర్రటి కంచిపట్టు నీళ్లలో నానబెట్టినదానిలా తేలుతుంది.

సన్నగీతలు, సాగిన మొహాలు

పాత వీడియోల్లో చెయ్యి కదిలినప్పుడు దాని అంచున సన్నగీతలు కనిపిస్తాయి. టేపు పాడైందనుకుంటారు, కాదు. మన దేశపు పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేమును సగం గీతలు ఒకసారి, మిగతా సగం సెకనులో యాభయ్యో వంతు తర్వాత ఇంకోసారి రాస్తారు. డబ్బా టీవీలు అలాగే చూపించేవి కాబట్టి తేడా తెలిసేది కాదు. ఫోను, కంప్యూటరు రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తాయి. మధ్యలో కదిలిన చెయ్యి గీతలు గీతలుగా చీలుతుంది. దీన్ని డీఇంటర్‌లేసింగ్‌తో సరిచేయాలి. సరిచేయకుండా బొమ్మ కొలత తగ్గించి కుదించేస్తే ఆ గీతలు బొమ్మలో కరిగిపోయి, తర్వాత ఎవరూ తీయలేని మరకలవుతాయి. సరిచేసేటప్పుడు 25 ఫ్రేములకు బదులు 50 ఫ్రేములుగా తీస్తే కదలిక అప్పటి టీవీలో ఉన్నంత మెత్తగా ఉంటుంది.

డీవీడీ చుక్కలు చతురస్రాలు కావు. 720, 576 కొలతలున్న బొమ్మను పాత టీవీ ఆకారంలోకి అంటే నాలుగుకు మూడు నిష్పత్తిలోకి సాగదీసి చూడాలి. ఆ సమాచారం ఫైల్లోనే ఉంటుంది. నిర్లక్ష్యంగా మార్చినప్పుడు అది పోయి, మొహాలు సన్నబడతాయి. వెడల్పు టీవీ నిండాలని సాగదీస్తే పెళ్లికొడుకు ఒక్కసారిగా లావవుతాడు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకు ఈ బాధ ముందే తెలుసు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి: సెకనుకు 29.97 ఫ్రేములు, నిలువున 480 గీతలు. ఇక్కడినుంచి వెళ్లిన పెళ్లి క్యాసెట్ అక్కడి వీసీఆర్‌లో ఆడేది కాదు. మార్పించుకుంటే 576 గీతల్లోంచి 96 పోయేవి. 25 ఫ్రేములను 30 చేయడానికి కొన్ని ఫ్రేములు రెండుసార్లు రావడమో, రెండు ఫ్రేములు కలగలవడమో జరిగేది. ఇప్పటి టీవీలు, ఫోన్లు రెండు పద్ధతులనూ ఆడిస్తాయి. అయినా కన్వర్టర్లలో 30 ఫ్రేములు అన్న సెట్టింగ్ అలాగే వదిలేసి ఆ పాత నష్టాన్నే కొనితెచ్చుకుంటున్నారు. ఫ్రేమ్‌రేట్ దగ్గర ‘అసలుతో సమానం’ అన్నది ఎంచుకుంటే ఈ గొడవ లేదు. అలనాటి ఎన్‌టీఎస్‌సీ కాపీ ఒక్కటే ఇంట్లో మిగిలి ఉంటే, ఇండియాలో అన్నయ్య దగ్గరో, అత్తయ్య దగ్గరో పాల్ క్యాసెట్ ఉందేమో అడగడం మంచిది.

అసలేమీ పోని కోడెక్‌లు

కుదించినా ఒక్క అంకె కూడా పోగొట్టని కోడెక్‌లు ఉన్నాయి. ఎఫ్ఎఫ్‌వీ1 వాటిలో ముఖ్యమైనది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రాజెక్టులోనే పుట్టి, 2021లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ పత్రంగా నమోదైంది. ఆస్ట్రియా జాతీయ దృశ్య శ్రవణ భాండాగారం టేపుల డిజిటలీకరణకు దీన్నే ఎంచుకుంది. దీనికి సైజే ఇబ్బంది. వీహెచ్ఎస్ క్యాసెట్‌ను ఇలా దాస్తే గంటకు పదుల జీబీలు కావాలి.

ఎడిటింగ్ గదుల్లో నడిచే ఆపిల్ ప్రోరెస్, అవిడ్ డీఎన్ఎక్స్‌హెచ్‌డీ పూర్తిగా నష్టం లేనివి కావు. పలుమార్లు కుదించినా కంటికి తేడా కనిపించనంత ఎక్కువ చోటు తీసుకుంటాయి, అంతే. థియేటర్‌కు వెళ్లే సినిమా కూడా కుదించినదే. డిజిటల్ సినిమా ప్యాకేజీలో ప్రతి ఫ్రేమునూ జేపెగ్ 2000 పద్ధతిలో విడిగా కుదిస్తారు, సెకనుకు 250 మెగాబిట్ల వరకు. పెళ్లి డీవీడీలో అది మహా అయితే పదిలోపే.

నష్టం లేకుండా మారిందో లేదో నిరూపించుకునే దారీ ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రతి ఫ్రేముకూ ఎండీ5 అనే సంఖ్య లెక్కగట్టి ఇస్తుంది. పాత ఫైలు జాబితా, కొత్త ఫైలు జాబితా పక్కపక్కన పెడితే ఒక్క చుక్క రంగు మారినా సంఖ్య మారిపోయి పట్టిస్తుంది. కోడెక్ మార్చినప్పుడు ఎంత పోయిందో కొలవడానికి నెట్‌ఫ్లిక్స్ 2016లో బయటపెట్టిన వీమాఫ్ ఉంది. మనిషి కంటికి ఎలా అనిపిస్తుందో అంచనా వేసి వందకు మార్కులేస్తుంది.

పంపేటప్పుడు

వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి వీడియో పంపితే కుదింపు ఖాయం. హెచ్‌డీ అని ఎంచుకున్నా తక్కువగా కుదిస్తుందే తప్ప మానేయదు. అదే వీడియోను డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు. 2022 నుంచి రెండు జీబీల వరకు అలా పంపొచ్చు. అంతకన్నా పెద్దదైతే గూగుల్ డ్రైవ్ లాంటిచోట పెట్టి లింకు ఇవ్వడం దారి. యూట్యూబ్‌ను మాత్రం బీరువాగా వాడకూడదు. అక్కడినుంచి అందరూ చూసేది కుదించిన కాపీనే. యూట్యూబ్‌కు ఎక్కించే ఫైలు ఎంత నాణ్యంగా ఉంటే దాని కుదింపు అంత తక్కువ దెబ్బ కొడుతుంది. ఫుల్ హెచ్‌డీకి సెకనుకు 8 మెగాబిట్లు, 4కేకి 35 నుంచి 45 మెగాబిట్లు ఉండాలని యూట్యూబే సూచిస్తోంది.

ఆన్‌లైన్ ఉచిత కన్వర్టర్లతో రెండు చిక్కులు. కాపీ చేస్తే సరిపోయేదాన్నీ చాలావరకు కొత్తగా కుదించి ఇస్తాయి. ఇంట్లోవాళ్ల వీడియో ముక్కూమొహం తెలియని సర్వర్‌కు చేరుతుంది. ఉచిత కన్వర్టర్ల పేరుతో కంప్యూటర్లలోకి వైరస్‌లు పంపుతున్నారని 2025 మార్చిలో అమెరికా ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది కూడా.

టేపులున్న ఇళ్లు

అసలు టేపు ఇంకా బీరువాలో ఉంటే డీవీడీతో పనే లేదు. మినీ డీవీ టేపు మీద సెకనుకు 25 మెగాబిట్ల వీడియో ఉంటుంది. రెండు గంటల పెళ్లిని 4.7 జీబీ డిస్కులో ఇరికించాలంటే దాన్ని ఐదు మెగాబిట్లకు తేవాలి. అంటే డీవీడీ తయారైన రోజే ఐదింట నాలుగొంతుల సమాచారం తగ్గింది. టేపు నుంచి ఫైర్‌వైర్ కేబుల్ ద్వారా కంప్యూటర్లోకి తీసుకుంటే అది డిజిటల్ కాపీ, టేపు మీదున్న అంకెలే యథాతథంగా వస్తాయి. గంటకు 13 జీబీ. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరుతో తీసుకుంటే అనలాగ్‌గా మారి వస్తుంది కాబట్టి ఆ మేరకు నష్టం.

వీహెచ్ఎస్ క్యాసెట్‌కు డిజిటల్ దారి లేదు. మంచి స్థితిలో ఉన్న వీసీఆర్, క్యాప్చర్ కార్డు కావాలి. వీసీఆర్‌లు తయారుచేస్తున్న చివరి పెద్ద కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఉత్పత్తి ఆపేసింది. ఫైర్‌వైర్ కూడా అదే దారిలో ఉంది. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోలో ఆపిల్ దాని సపోర్టును తీసేసింది.

టేపులు మార్పించడానికి షాపుకు ఇచ్చేటప్పుడు ‘ఎంపీ4 చేసివ్వండి’ అనే బదులు నాలుగు మాటలు రాసి ఇవ్వడం ఉత్తమం. మినీ డీవీ అయితే ఫైర్‌వైర్‌తో తీసి డీవీ ఫైలు అలాగే ఇవ్వాలి. వీహెచ్ఎస్ అయితే 720, 576 కొలతలో, డీఇంటర్‌లేస్ చేయకుండా, వీలైతే నష్టం లేని కోడెక్‌లో ఇవ్వాలి. పది గంటల మినీ డీవీ టేపులకు 130 జీబీ అవుతుంది కాబట్టి పెన్‌డ్రైవు కాకుండా హార్డ్‌డిస్కు తీసుకెళ్లాలి. ఫోన్లకు, గ్రూపులకు కావాల్సిన ఎంపీ4 కాపీలను ఆ ఫైలు నుంచి విడిగా చేసుకోవచ్చు, డీఇంటర్‌లేసింగ్ అప్పుడు చేస్తే చాలు. టేపులను మాత్రం వెనక్కి తెచ్చుకోవాలి.